అల్మరాలో అరిగిపోయే బూట్లు

సింగపూర్‌లో ఉంటున్న మన సాఫ్ట్‌వేర్ మిత్రులకి ఏడాదికి ఒకసారైనా కొండల మీదికి మనసు పోతుంది. ఆఫీసులో ఎవరో కినబాలు ఎక్కొచ్చి ఫోటోలు చూపిస్తారు. నలుగురు కూడబలుక్కుని తేదీలు ఖాయం చేస్తారు. ఆ తర్వాత వచ్చే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "బూట్లు ఏవి కొనాలి?" దానికి వచ్చే జవాబూ ఎప్పుడూ ఒకటే: "బూట్ల దగ్గర డబ్బుకి వెనకాడకు. ఖరీదైనవి కొనేయి, ఇంక పదేళ్ళు చూసుకోనక్కర్లేదు."

ఈ సలహా మ్యూనిక్‌లోనో డెన్వర్‌లోనో ఉన్నవాళ్ళకి చాలావరకు సరిపోతుంది. సింగపూర్‌లో ఉన్నవాళ్ళకి సరిపోదన్నది నా వాదన. ఏడాదికి రెండుసార్లు వేసుకోవడం కోసం ఖరీదైన బరువు బూట్లు కొని దాచుకోవడం కంటే, వంద డాలర్ల లోపు దొరికే తేలికపాటి జోడు కొని వారం వారం తొడిగి అరగదీయడం ఇక్కడ అన్ని విధాలా మేలు. డబ్బుకీ మేలు, కాళ్ళకీ మేలు, అన్నిటికంటే ముఖ్యంగా కొండ మీద ప్రాణానికి మేలు. ఎందుకో చెప్పాలంటే కాస్త రసాయనశాస్త్రం, కాస్త లెక్కలు కావాలి. రెండూ ఇంటర్మీడియట్ స్థాయి దాటవు కనుక పాఠకులు కంగారు పడనక్కర్లేదు.

రెండు గడియారాలు

"ఖరీదైనదే చివరికి చవక" అన్న మాట మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పేదే. ఇంగ్లీషు రచయిత టెర్రీ ప్రాచెట్ 1993లో వచ్చిన 'మెన్ ఎట్ ఆర్మ్స్' నవలలో బూట్లనే ఉదాహరణగా తీసుకుని దీన్ని ఒక ఆర్థిక సూత్రంలా చెప్పాడు. యాభై డాలర్లు పెట్టగలిగినవాడి బూట్లు ఏళ్ళ తరబడి వస్తాయి. పది డాలర్ల బూట్లతో సరిపెట్టుకునే పేదవాడు వాటిని మళ్ళీ మళ్ళీ కొంటూ, చివరికి ఎక్కువ ఖర్చు పెట్టి కూడా తడి కాళ్ళతోనే తిరుగుతాడు.

ఈ సూత్రం వెనక ఒక ఊహ దాగి ఉంది. బూటు నడిస్తేనే అరుగుతుంది, దాచిపెడితే అలాగే ఉంటుంది అన్నది ఆ ఊహ. తోలు, దారం, మేకులతో బూట్లు చేసిన కాలంలో అది చాలావరకు నిజం. ఇప్పటి కొండ బూటులో తోలూ దారం మాత్రమే లేవు, పాదానికీ అడుగు రబ్బరుకీ మధ్య ఒక ప్లాస్టిక్ నురుగు పొర కూడా ఉంది. అందువల్ల బూటు ఆయుష్షుకి రెండు గడియారాలున్నాయి. ఒకటి మనం నడిచినప్పుడే తిరుగుతుంది. రెండోది ఫ్యాక్టరీలో తయారైన రోజున మొదలై, మనం నడిచినా పడుకున్నా తిరుగుతూనే ఉంటుంది. సింగపూర్‌లో ఆ రెండో గడియారం మరీ వేగంగా తిరుగుతుంది.

నాకు తెలిసిన ఒక మిత్రుడి సంగతి చెబుతాను. కినబాలు కోసం నాలుగు వందల డాలర్లు పెట్టి బూట్లు కొన్నాడు. 4,095 మీటర్ల కొండ ఎక్కి దిగాడు. ఇంటికొచ్చాక శుభ్రంగా తుడిచి, అట్టపెట్టెతో సహా బాంబ్ షెల్టర్‌లో పెట్టాడు. హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఉన్నవాళ్ళకి ఈ గది గురించి చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం యుద్ధకాలానికని కట్టించిన ఆ గదిని మనం సూట్‌కేసులకీ బియ్యం బస్తాలకీ వాడుకుంటాం. మూడున్నరేళ్ళ తర్వాత ఆ బూట్లు తీసి మలేసియాలోని గునుంగ్ లెడాంగ్‌కి తొడుక్కొచ్చాడు. తోలు మెరుస్తోంది. అడుగున రబ్బరు పళ్ళు అరగనైనా లేదు. దిగేటప్పుడు సగం దారిలో ఎడమకాలి సోల్ మొత్తం నాలుకలా వేలాడింది. గంట తిరక్కుండా కుడికాలిదీ ఊడింది. లెడాంగ్ ఎత్తు 1,276 మీటర్లే కానీ దారిలో తాళ్ళు పట్టుకుని, ఇనుప నిచ్చెనల మీద దిగాల్సిన చోట్లు ఉన్నాయి. లేసులు విప్పి సోళ్ళని పాదాలకి కట్టుకుని, చీకటి పడే వేళకి కిందికి చేరాడు.

తిరిగొచ్చాక ఎమ్మార్టీ స్టేషన్ దగ్గర చెప్పులు బాగుచేసే పెద్దాయన ఆ బూట్లని ఒకసారి నొక్కి చూసి వెనక్కిచ్చేశాడు. జిగురు పెట్టినా నిలవదన్నాడు. మిత్రుడికి కోపం వచ్చింది గానీ, ఆ పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. జిగురు ఊడిపోలేదు. జిగురుకి పైనున్న పొరే పిండి అయిపోయింది. పిండికి జిగురు పూస్తే పిండే ఊడొస్తుంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు ఒక కంపెనీది కాదు, పదార్థానిది.

పిండి ఎందుకవుతుంది?

కొండ బూటు అడుగుభాగంలో ముఖ్యంగా రెండు పొరలుంటాయి. నేలకి తగిలే పొర రబ్బరు. 1935లో ఇటలీ ఆల్ప్స్‌లో ఆరుగురు సహచరులు చనిపోయాక విటాలే బ్రమాని అనే పర్వతారోహకుడు లోతైన గాళ్ళున్న రబ్బరు సోల్ మీద పనిచేసి, 1937లో పేటెంటు తీసుకున్నాడు. ఆయన పేరులోంచే విబ్రామ్ పుట్టింది. దాని పైనుండే మెత్తటి పొరని మిడ్‌సోల్ అంటారు. బరువైన బూట్లలో ఇది సాధారణంగా పాలీయురిథేన్ నురుగు. విచిత్రంగా, పాలీయురిథేన్‌ని కూడా జర్మనీలో ఒట్టో బేయర్ బృందం 1937లోనే కనిపెట్టింది. ఒకే ఏడాది పుట్టిన ఈ ఇద్దరూ ఒకే బూటులో కాపురం చేస్తున్నారు గానీ ఇద్దరి ఆయుష్షూ ఒకటి కాదు.

పాలిమర్ అంటే చిన్న అణువులు కొక్కేల్లా ఒకదానికొకటి తగులుకుని ఏర్పడిన పొడుగాటి గొలుసు. బూట్లలో ఎక్కువగా వాడే రకం పాలీయురిథేన్‌లో ఆ కొక్కేలు ఎస్టర్ బంధాలు. ఆమ్లమూ ఆల్కహాలూ కలిస్తే ఎస్టర్ తయారవుతుంది, నీరు బయటికి పోతుంది. ఇది మనం ఇంటర్‌లో చదువుకున్నదే. ఈ చర్య వెనక్కి కూడా నడుస్తుందన్నది మనం మర్చిపోయే భాగం. ఎస్టర్‌కి నీరు తగిలితే కొక్కెం విడిపోయి, మళ్ళీ ఆమ్లమూ ఆల్కహాలూ వస్తాయి. దీన్నే హైడ్రాలిసిస్ అంటారు, తెలుగులో జలవిశ్లేషణ అనవచ్చు.

ఇంతటితో ఆగితే ఇబ్బంది లేకపోను. ఒక కొక్కెం విడిపోయినప్పుడు పుట్టిన ఆమ్లం, పక్క కొక్కేన్ని తొందరగా విడగొట్టడానికి సాయపడుతుంది. అది విడిపోతే మరింత ఆమ్లం. ప్రోగ్రామర్లకి అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, బయటికి రావడానికి షరతు రాయని లూపు ఇది, పైగా ప్రతి చుట్టుకీ వేగం పెరుగుతుంది. అందుకే బూటు మూడేళ్ళపాటు కొత్తదానిలాగే కనిపించి, ఒక్క మధ్యాహ్నంలో రాలిపోతుంది. క్రమంగా పాడైతే మనకి ముందే తెలిసేది.

ఈ చర్యకి కావలసినవి నీరు, వేడి. నీరంటే వాన నీరే అక్కర్లేదు, గాలిలోని తేమ చాలు. సింగపూర్ గాలిలో సగటు తేమ ఏడాది పొడుగునా 80 శాతం పైనే. పగటి వేడి 30 డిగ్రీలు దాటుతుంది, చలికాలం అనేది లేదు. యూరప్‌లో ఆరునెలలు నిద్రపోయే రసాయన చర్యకి ఇక్కడ సెలవు దొరకదు. చల్లని దేశాల తయారీదారులే ఈ మిడ్‌సోళ్ళు ఎనిమిది, పదేళ్ళకి మించి ఉంటాయని ఆశించవద్దంటారు. ఇక్కడ మూడు నాలుగేళ్ళకే రాలిపోయాయంటే ఆశ్చర్యం లేదు. కెమెరాలున్న మిత్రులు లెన్సుల కోసం డ్రై క్యాబినెట్ కొంటారు కదా, అదే గాలి, అదే తేమ. బూట్లకి ఆ మర్యాద ఎవరూ చెయ్యరు, అంతే.

తలకిందులైన లెక్క

ఇక్కడే అసలు తిరకాసు ఉంది. తయారీదారులు పాలీయురిథేన్‌ని ఊరికే వాడరు. అది బరువు మోస్తుంది, వందల మైళ్ళు నడిచినా అణిగిపోదు, పాదానికి దన్నుగా ఉంటుంది. అందుకే ఖరీదైన, "మన్నికైన" బూట్లలో దాన్ని పెడతారు. చవక బూట్లలో, పరుగు బూట్లలో ఎక్కువగా ఉండేది ఈవీఏ అనే మరో నురుగు. అది తేలిక, చవక. నడుస్తూంటే కొన్ని వందల కిలోమీటర్లకి అణిగి చదునైపోతుంది. కానీ తేమకి పాలీయురిథేన్‌లా పిండి కాదు.

అంటే వాడినప్పుడు ఎక్కువ కాలం వచ్చేది అల్మరాలో తొందరగా చస్తుంది. వాడితే తొందరగా అణిగేది అల్మరాలో బతికుంటుంది. ప్రాచెట్ సూత్రం రోజూ బూట్లు తొడుక్కునే కాపలావాడి గురించి చెప్పింది. మనమేమో వారానికి ఐదు రోజులు కుర్చీలో కూర్చుని, ఏడాదికి రెండుసార్లు కొండెక్కే జాతి. ఆ సూత్రం మనకి వర్తించదు.

లెక్క వేసి చూద్దాం. నాలుగు వందల డాలర్ల బూట్లు, ఏడాదికి రెండు ప్రయాణాలు, నాలుగేళ్ళ ఆయుష్షు. ఎనిమిది ప్రయాణాలు, ఒక్కో దానికి యాభై డాలర్లు. తొంభై డాలర్ల తేలిక జోడు, ఏడాదికి నలభై శనివారాలు, రెండేళ్ళు. ఎనభై నడకలు, ఒక్కో దానికి డాలరు పైచిలుకు. మొదటి జోడు దాచి దాచి దయ్యాలపాలు చేసినట్టు. రెండో జోడు పూర్తిగా మన కాళ్ళ కిందే అరిగింది. ప్రాజెక్టు అంచనాలు వేసే మనవాళ్ళు ఈ ఒక్క లెక్క ఎందుకు వెయ్యరో నాకు అర్థం కాదు.

మరి సింగపూర్‌లో ఏం కావాలి?

ముందు మనం నడిచే నేల చూద్దాం. బుకిత్ తిమా శిఖరం ఎత్తు 163 మీటర్లు, దారిలో ఎక్కువ భాగం తారు, మెట్లు. మాక్‌రిచీ చుట్టూ దారి మట్టి, వేళ్ళు, చెక్క బాట. అక్కడి చెట్ల మీది వంతెన 2004లో తెరిచారు, పొడుగు 250 మీటర్లు. రైళ్ళు 2011లో ఆగిపోయాక నడక దారిగా మారిన రైల్ కారిడార్ 24 కిలోమీటర్లు, దాదాపు చదును. వీటిలో దేనికీ మోకాలి దగ్గరిదాకా వచ్చే తోలు బూట్లు అక్కర్లేదు. అడుగున మంచి పట్టున్న తేలిక జోడు చాలు.

అమెరికాలో ఉన్న స్నేహితులు తమ దగ్గర డిస్కౌంటులో దొరికే వేట బూట్లు కొని పంపిస్తామంటారు. చూడటానికి గట్టిగా, ధరకి అందుబాటుగా ఉంటాయి. వాటి మీద 400 గ్రాములు, 800 గ్రాములు అని రాసి ఉంటే అది బూటు బరువు కాదు, చలి ఆగడానికి లోపల పెట్టిన పొర గురించి. మంచులో గంటలకొద్దీ కదలకుండా కూర్చుని జింక కోసం కాచుకునేవాడికి అవి. సింగపూర్‌లో అనుమతి లేకుండా అడవి జంతువుని చంపడమే కాదు, పట్టడం కూడా నేరం. చలీ లేదు, వేటా లేదు. ఆ బూట్లలో మనం ఉడకబెట్టుకునేది మన పాదాలనే.

గోర్‌టెక్స్ సంగతీ అలాంటిదే. బాబ్ గోర్ 1969లో కనిపెట్టిన ఆ పొర గొప్పదే. వాన చుక్కని లోపలికి రానివ్వకుండా చెమట ఆవిరిని బయటికి పంపుతుంది. కానీ ఆవిరి బయటికి పోవాలంటే లోపలికంటే బయట పొడిగా ఉండాలి. బయటే గాలి తేమతో బరువెక్కి ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? పైగా మన వానలు బూటు తోలులోంచి రావు, పైన తెరిచి ఉన్న చోటునుంచి ధారగా దిగుతాయి. ఒకసారి లోపల నీళ్ళు నిండాక గోర్‌టెక్స్ బూటు ఆరడానికి రోజులు పడుతుంది. ఇక్కడ వాటర్‌ప్రూఫ్ కంటే తొందరగా ఆరే జాలీ బట్ట జోడు నయం. తడుస్తుంది, కానీ ఆరుతుంది.

బరువు ఇంకో సంగతి. పాదాల మీద పెరిగిన కిలో బరువు, శ్రమలో వీపు మీద నాలుగు నుంచి ఆరు కిలోలతో సమానమని సైనికుల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. బ్యాగులో గ్రాములు లెక్కపెట్టి తగ్గించేవాళ్ళు బూట్ల తూకం కూడా చూడాలి.

ఈ నేలకి సరిపోయే బూటు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి పెద్ద దుకాణాలకి వెళ్ళనక్కర్లేదు. మలేసియా అడవుల్లో దారి చూపేవాళ్ళలో, బరువులు మోసేవాళ్ళలో చాలామంది కాళ్ళకి నల్లటి రబ్బరు జోడు కనిపిస్తుంది. రబ్బరు తోటల్లో పాలు తీసే కూలీలు వాడేది. ఒకే అచ్చులో పోసిన రబ్బరు, అడుగున బుడిపెలు. జనం దాన్ని సరదాగా 'అడిడాస్ కంపుంగ్' అంటారు, అంటే పల్లెటూరి అడిడాస్. ఆ కంపెనీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ధర పది, ఇరవై రింగిట్లకి అటూ ఇటూ. విడిగా అతికించిన మిడ్‌సోలూ లేదు, ఊడే జిగురూ లేదు, పిండి అయ్యే పాలీయురిథేనూ లేదు. నీళ్ళు పోసి కడిగితే గంటలో సిద్ధం. మెత్తదనం లేదు కనుక మందపాటి సాక్సులు కావాలి, రాళ్ళ మీద రోజంతా దిగితే మడమలు నొప్పెడతాయి. మీరందరూ ఇదే కొనాలని నేను అనడం లేదు. కానీ ఈ వాతావరణంలో మన్నిక అంటే ఏమిటో తరతరాలుగా తెలిసినవాళ్ళు ఏం ఎంచుకున్నారో చూడమంటున్నాను.

కొనేటప్పుడు, బయల్దేరేటప్పుడు

క్వీన్స్‌వేలో కొన్నా, ముస్తఫాలో కొన్నా, డెకాత్లాన్‌లో కొన్నా చూడవలసినవి నాలుగే.

ఒకటి, మిడ్‌సోల్ ఏమిటో అడగండి. ఈవీఏ అయితే ఏడాదికి కొన్నిసార్లే నడిచేవాళ్ళకి నిశ్చింత. పాలీయురిథేన్ అయితే ప్రతివారం నడిచే ఉద్దేశం ఉంటేనే కొనండి.

రెండు, తయారైన తేదీ చూడండి. చాలా బూట్లలో నాలుక వెనకుండే చిన్న చీటీ మీద నెల, సంవత్సరం ఉంటాయి. సగం ధరకి అమ్మే పాత స్టాకు గోదాములో రెండు మూడేళ్ళు గడిపి ఉండవచ్చు. రెండో గడియారం గోదాములో కూడా తిరుగుతుంది. పాలు కొనేటప్పుడు చూసే తేదీ బూట్లకి ఎందుకు చూడం?

మూడు, జిగురు ఎప్పుడైనా వదలవచ్చు, ఈవీఏ జోడుకైనా సరే. అంచు వెంట కుట్టు ఉన్న సోల్ దొరికితే మంచిది. లేకపోయినా, పొరలు గట్టిగా ఉన్నంతకాలం మళ్ళీ అతికించి కుట్టించుకోవచ్చు. పిండి అయిన దానికి మాత్రం వైద్యం లేదు.

నాలుగు, ఇంట్లో అట్టపెట్టెలోనూ ప్లాస్టిక్ సంచిలోనూ మూసిపెట్టకండి. గుమ్మం బయట గాలి తగిలే రాక్ బాంబ్ షెల్టర్ కంటే నయం. ఎండలో, కారు డిక్కీలో వదలకండి. వేడి కూడా శత్రువే.

ప్రయాణానికి రెండువారాల ముందు బూటు మిడ్‌సోల్‌ని గోటితో గట్టిగా నొక్కండి. గుంట పడి అలాగే ఉండిపోయినా, సన్నటి పగుళ్ళు కనిపించినా, జిగటగా తగిలినా అది కొండకి పనికిరాదు. నొక్కుడు పరీక్షలో నెగ్గితే ఒక శనివారం మాక్‌రిచీ చుట్టూ పది కిలోమీటర్లు నడిచి రండి. పరీక్షించని కోడ్‌ని ప్రొడక్షన్‌లో పెట్టం కదా. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, దాన్ని రీస్టోర్ చేసి చూసుకోవడం వేరు. సంచిలో గట్టి టేపు చుట్ట ఒకటి, నాలుగు కేబుల్ టైలు పెట్టుకుంటే అరకిలో కూడా బరువు కాదు.

ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. రబ్బరు, తోలు పొరలతో కుట్టి, సోల్ మార్చుకునే వీలున్న పాతకాలపు బూట్లు నిజంగానే దశాబ్దాలు వస్తాయి. అవి దొరుకుతాయి, ఖరీదూ బరువూ రెండూ ఎక్కువ. బూజు పట్టకుండా తోలుని నెలనెలా తుడిచి నూనె రాసే ఓపిక ఉండాలి. హిమాలయాలకి ప్రతి ఏడాదీ వెళ్ళేవాళ్ళు, బరువు మోస్తూ వారాల తరబడి నడిచేవాళ్ళు వాటిని కొనుక్కోవచ్చు. వాళ్ళకి ఈ వ్యాసం అక్కర్లేదు కూడా. నేను రాస్తున్నది, ఆ ఒక్క కినబాలు కోసం వాళ్ళలా కొని, ఆ తర్వాత మనలా దాచిపెట్టేవాళ్ళ గురించి.

వస్తువుని దాచిపెడితే మిగులుతుందన్న నమ్మకం మనలో లోతుగా ఉంది. పెళ్ళికి కొన్న పట్టుచీర, విదేశం నుంచి తెచ్చిన డిన్నర్ సెట్ అలాగే దాచుకున్నాం. పట్టూ పింగాణీ ఆ నమ్మకాన్ని నిలబెడతాయి. పాలీయురిథేన్ నిలబెట్టదు. కొండ బూట్లున్న వాళ్ళు ఈ రాత్రే వాటిని బయటికి తీసి గోటితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ఈ శనివారమే తొడుక్కుని ఎక్కడికైనా నడవండి. మెత్తగా ఉంటే దిగులు పడకుండా పారేసి, తేలికపాటి జోడు ఒకటి కొనుక్కుని, అప్పుడు నడవండి.